మొదటి ప్లాస్టిక్ కారు కిట్టు: పెట్టె విప్పిన దగ్గర్నుంచి అద్దాల బీరువాలో పెట్టేదాకా

ఏటా వానలు మొదలవగానే నాకు ఒకే ఫొటో వస్తుంది. కారు (ముక్కలు అతికించి, రంగు వేసి చేసే చిన్న ప్లాస్టిక్ మోడల్) వేరు, పంపినవాళ్ళు వేరు, ఫొటో మాత్రం అదే. కొత్తగా రంగు కొట్టిన బాడీ, దాని మీద పలచని మజ్జిగ ఒలికినట్టు తెల్లటి పొర. కింద ప్రశ్న కూడా అదే: "అన్నా, ఎక్కడ తప్పు చేశాను?" ఏప్రిల్, మే నెలల్లో ఫొటో మారుతుంది. అప్పుడు రంగు బత్తాయి తొక్కలా గరుగ్గా ఉంటుంది. ఇక ఏడాది పొడవునా వచ్చేది ఇంకొకటి: "కిట్టు కొన్నాను, పెట్టె విప్పితే భయమేసి మళ్ళీ మూసేశాను. ఎక్కడ మొదలుపెట్టాలి?"

అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒక్కచోట రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో ఉంటూ, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేకుండా, స్ప్రే డబ్బాలతోనే మొదటి కారు చేసేవాళ్ళ కోసం ఇది.

ముందే ఒక మాట. యుద్ధట్యాంకు చేస్తే బురద పూసి తప్పులు దాచేయొచ్చు. విమానానికి పొగ మరకలు వేస్తే సరిపోతుంది. కారుకు ఆ వెసులుబాటు లేదు. షోరూమ్ నుంచి దింపినట్టు మెరవాలి, మెరిసే చోట చిన్న గీత కూడా కనిపిస్తుంది. అందుకే కారు కిట్టులో చేతిపని కంటే ఆగడమే ఎక్కువ. నాకొచ్చే ఫొటోల్లో సగం పైగా తొందర వల్ల పాడైనవే.

ఏ కిట్టు కొనాలి

ప్లాస్టిక్ కార్ కిట్లలో ఎక్కువగా దొరికే స్కేలు 1/24. అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు. మారుతీ 800 పొడవు 3,335 మిల్లీమీటర్లు. దాన్ని 1/24లో చేస్తే దాదాపు 14 సెంటీమీటర్లు వస్తుంది. అంబాసిడర్ అయితే 18 సెంటీమీటర్లు. టమియా, ఫుజిమి, అయోషిమా, హసెగావా లాంటి జపాన్ కంపెనీలు ఎక్కువగా 1/24లో చేస్తాయి. ఏఎంటీ లాంటి అమెరికా కిట్లు 1/25లో ఉంటాయి. రెండూ ఒకే అరలో పెట్టినా ఎబ్బెట్టుగా ఉండదు. హాట్ వీల్స్ 1/64 లోహపు కార్లు. అవి కొని దాచుకునేవి, ఇవి చేసి దాచుకునేవి.

జిగురు, రంగు అంటే ఇంకా బెరుగ్గా ఉంటే అయోషిమా 1/32 స్నాప్ కిట్లతో మొదలుపెట్టండి. భాగాలు రంగులతోనే వస్తాయి, నొక్కితే అతుక్కుంటాయి. అందులో సుజుకీ జిమ్నీ ఉంది. మన దగ్గర 2023లో వచ్చిన ఐదు తలుపుల బండి కాదు, జపాన్‌లో తిరిగే మూడు తలుపులది. ఓ ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుంది. పదేళ్ళ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయొచ్చు.

నేరుగా 1/24కి వెళ్ళేవాళ్ళు మూడు చూసుకోండి. ఇంజన్ లేని కిట్టు తీసుకోండి, పెట్టె పక్కనున్న ఫొటోల్లో ఇంజన్ ఉందో లేదో తెలిసిపోతుంది. బాడీ తెల్ల ప్లాస్టిక్‌తో ఉన్నది తీసుకోండి. ఎర్ర ప్లాస్టిక్ మీద తెలుపో పసుపో వేస్తే కింది ఎరుపు పైకి ఊరి ఎర్ర ఛాయ తేలుతుంది. మొదటిసారి ఆ తలనొప్పి వద్దు. మూడోది, ఒకే రంగు కారు. రెండు రంగుల బాడీ, రేసు కారు నిండా స్టిక్కర్లు ఇప్పుడే వద్దు. జపాన్ కార్ల కిట్లలో స్టీరింగ్ సాధారణంగా కుడివైపే ఉంటుంది కాబట్టి మన కళ్ళకు సహజంగా కనిపిస్తాయి.

ఏమేం కావాలి

- సన్న మూతి సైడ్ కట్టర్, పదునైన హాబీ కత్తి, ట్వీజర్
- వాటర్ పేపర్: 400, 600, 1000, 1500, 2000 నంబర్లు
- టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ (ప్లాస్టిక్‌ని అతికించే పలచని జిగురు), ఆకుపచ్చ మూత ఉన్న 40 మిల్లీలీటర్ల సీసా
- గాజు భాగాల (అద్దాలు, లైట్లుగా వచ్చే పారదర్శక ప్లాస్టిక్ ముక్కలు) కోసం తెల్ల ఫెవికాల్
- స్ప్రే డబ్బాలు: ఒక ఫైన్ సర్ఫేస్ ప్రైమర్ (రంగు కింద వేసే పూత), మీకు నచ్చిన టమియా టీఎస్ రంగు, టీఎస్-13 క్లియర్ (రంగు పైన వేసే పారదర్శక మెరుపు పూత)
- లోపలి భాగాలకు చిన్న సీసాల ఆక్రిలిక్ రంగులు: సెమీ గ్లాస్ బ్లాక్ ఎక్స్-18, క్రోమ్ సిల్వర్ ఎక్స్-11, క్లియర్ రెడ్ ఎక్స్-27, క్లియర్ ఆరెంజ్ ఎక్స్-26
- 6 లేదా 10 మిల్లీమీటర్ల మాస్కింగ్ టేపు, పాలిషింగ్ కాంపౌండ్ (మెరుగు పెట్టే పేస్టు)
- రసాయనాల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు
- ఇంట్లోవి: విమ్ లిక్విడ్, ఇయర్ బడ్స్, టూత్‌పిక్‌లు, బట్టల క్లిప్పులు, అగరుబత్తి పుల్లలు, ఖాళీ నీళ్ళ సీసా, మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా

వాటర్ పేపర్, కట్టర్, మాస్కు కోసం రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలకు వెళ్తే ఒక్క తిరుగులో పనైపోతుంది. వాటర్ పేపర్ అయితే కార్లకు రంగులమ్మే ఏ కొట్లోనైనా ఇస్తారు. కిట్టు, సిమెంట్, రంగులు మాత్రం ఆన్‌లైన్‌లోనే తేలిగ్గా దొరుకుతాయి. స్ప్రే డబ్బాలు మండే సరుకు కాబట్టి మామూలు పార్సిల్లా విమానంలో రావు. మన దేశంలోనే స్టాకున్న దుకాణం నుంచి, రోడ్డు మీద వచ్చేలా, ముందుగానే తెప్పించుకోండి.

టీఎస్, పీఎస్ తేడా చూసుకుని కొనండి. టీఎస్ మన కిట్ల ప్లాస్టిక్‌కి. పీఎస్ రిమోట్ కార్ల పలచని పారదర్శక బాడీకి. పీఎస్ డబ్బా పొరపాటున కూడా కిట్టు మీద కొట్టొద్దు.

మాస్కు సంగతి. ఎన్95 పెట్టుకున్నాం కదా అని ఊరుకోకండి. అది తుంపర్లను ఆపుతుంది, థిన్నర్ (రంగుని పలచన చేసే ద్రవం) ఆవిరిని ఆపదు. స్ప్రే చేసే చోట మంట ఉండకూడదు. గ్యాస్ పొయ్యే కాదు, దేవుడి గూట్లో దీపం, దోమల కాయిల్ కూడా మంటే.

హైదరాబాద్‌లో ఎప్పుడు రంగు వేయాలి

అక్టోబర్ చివర్నుంచి ఫిబ్రవరి దాకా మనకు బంగారం లాంటి కాలం. గాలి పొడిగా, ఎండ మితంగా ఉంటుంది. ఉదయం పదింటికి మంచు విడిపోయాక మొదలుపెట్టండి. బాగా చలిగా ఉన్న రోజు డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచితే రంగు సన్నగా పడుతుంది. వేడి నీళ్ళలో మాత్రం వద్దు, పేలుతుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఫోన్‌లో వాతావరణం చూసుకోండి. గాలిలో తేమ 70 శాతం దాటితే నేను డబ్బా ముట్టను. టీఎస్ లాంటి లాకర్ (lacquer) రంగులోని థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద చేరి రంగులో చిక్కుకుంటుంది. ఆ తెల్లపొర అదే. పాత నల్లకుంట ఇంట్లో ఉన్నప్పుడు ఓ జూలై సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది కదా అని బాల్కనీలో ఎర్ర రంగు కొట్టాను. కొట్టినప్పుడు చక్కగా మెరిసింది. టీ తాగి వచ్చేసరికి టాపు మీద పొగమంచు పట్టినట్టుంది. వాన ఆగినా గాలిలో నీళ్ళు ఎక్కడికీ పోవు. ఆ సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

మే నెలలో కొట్టాల్సి వస్తే తెల్లవారుజామున ఆరింటికి కొట్టండి. మిట్టమధ్యాహ్నం రంగు గాలిలోనే ఆరిపోయి పొడిగా పడుతుంది, బత్తాయి తొక్క అక్కడే పుడుతుంది. డబ్బాని ఎండలోనూ, పార్కింగ్‌లో ఉన్న కారులోనూ వదిలేయకండి. ఎయిర్ కూలర్ నడుస్తున్న గదిలో స్ప్రే చేయకండి. చల్లగా ఉంది కదా అనిపిస్తుంది, కానీ కూలర్ గది నిండా తేమే నింపుతుంది. జూలై తప్పు మేలో చేసినట్టవుతుంది.

చేసే పద్ధతి

కిట్టులో వచ్చే సూచనల కాగితం ఛాసిస్‌తో (కారు అడుగు భాగంతో) మొదలై బాడీ దగ్గర ముగుస్తుంది. మీరు బాడీతో మొదలుపెట్టండి. దాని రంగు ఆరడానికి రోజులు పడుతుంది, ఆ రోజుల్లోనే మిగతా పని అవుతుంది.

1. భాగాలు లెక్క చూడండి. ఒక్కో ఫ్రేము (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద అక్షరం, ఒక్కో భాగం పక్కన అంకె ఉంటాయి. కాగితంతో సరిపోల్చుకోండి. ఫ్రేము నుంచి అన్నీ ఒకేసారి తెంపి కుప్ప పోయొద్దు. టైర్లను గాజు భాగాల కవరులోంచి వేరు చేయండి. ఆ మెత్తటి టైర్లు ఏళ్ళ తరబడి పారదర్శక ప్లాస్టిక్‌ని తాకుతూ ఉంటే దాన్ని కరిగించి మచ్చ పెడతాయి. వెంటనే కిట్టు కట్టకపోయినా ఈ పని మాత్రం ఇవాళే చేయండి.

2. కడగండి. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి వాడిన జిడ్డు ప్లాస్టిక్ మీద ఉండిపోవచ్చు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల విమ్, పాత టూత్‌బ్రష్. నీడలో ఆరబెట్టండి. ఆ తర్వాత బాడీని వేళ్ళతో లోపలి వైపు నుంచే పట్టుకోండి.

3. జిగురు లేకుండా ఒకసారి కూర్చి చూడండి. ఛాసిస్, లోపలి సీట్ల తొట్టి, అద్దాలు, బాడీ. అవసరమైన చోట మాస్కింగ్ టేపుతో పట్టి ఉంచండి. ఎక్కడ బిగుతుగా ఉందో ఇప్పుడే చూసుకోండి. రంగు పొరలు ఎక్కాక బిగుతు ఇంకా పెరుగుతుంది. ఈ మెట్టు వదిలేసినవాళ్ళే చివర్లో "బాడీ ఛాసిస్ మీదికి దిగట్లేదు" అని రాస్తారు.

4. అచ్చు గీతలు తీయండి. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట బాడీ మీద సన్నని వెంట్రుక లాంటి గీత ఉంటుంది. మడ్‌గార్డుల పైన, టాపు అంచుల వెంబడి, బంపర్ మూలల్లో వెతకండి. కళ్ళకు కనిపించకపోతే గోరుతో తడమండి, తగులుతుంది. కత్తి వీపుతో మెల్లగా గీరి, 600, తర్వాత 1000 వాటర్ పేపర్‌ని తడిపి రుద్దండి. పని అయిందా లేదా చూడ్డానికి మళ్ళీ గోరే. గోరు ఆగకుండా జారితే అయినట్టే.

5. తలుపుల, బానెట్ గీతలను కొంచెం లోతు చేయండి. కత్తి వీపుతో, బరువు వేయకుండా, నాలుగైదుసార్లు లాగితే చాలు. రంగు, క్లియర్ కలిసి ఈ గీతలను పూడ్చేస్తాయి. మూల తిరిగే చోట చేయి జారుతుంది, అక్కడ మాస్కింగ్ టేపు అంచుని ఆసరాగా పెట్టుకోండి.

6. ప్రైమర్ వేయండి. ఖాళీ సీసా మీద డబుల్ టేపుతో బాడీని నిలబెట్టండి. సీసా మెడ పట్టుకుని తిప్పుతూ కొట్టొచ్చు. రెండు పలుచటి పొరలు చాలు. ఒక రోజు ఆరాక వెలుతురులో తిప్పి చూడండి. మీరు తీసేశాననుకున్న గీతలు, గరుకులు ఇప్పుడు బయటపడతాయి. వెనక్కి వెళ్ళి సరిచేయండి, మళ్ళీ ప్రైమర్ వేయండి. ఇక్కడ బద్ధకిస్తే మెరిసే రంగు ఆ గీతని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

7. రంగు. మొత్తం పనిలో గట్టి మెట్టు ఇదే.

ముందు పరీక్ష. విదేశీ వీడియోల్లో ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి చూడమంటారు. మన దగ్గర 2022 జూలై 1 నుంచి అలాంటి చెంచాలు నిషేధం. కిట్టు ఫ్రేము మీద కంపెనీ పేరు అచ్చయి ఉండే చదునైన ముక్క ఉంటుంది, దాని మీద కొట్టండి. అదే ప్లాస్టిక్ కాబట్టి చెంచా కంటే నయం కూడా. బైకులకు కొట్టే చవక డబ్బా వాడదామనుకునేవాళ్ళకు ఈ పరీక్ష తప్పనిసరి. వాటిలో కొన్నింటి థిన్నర్ ఘాటుకు ప్లాస్టిక్ పగుళ్ళు తేలుతుంది. ఓసారి పరీక్షించకుండా కొట్టాను. బానెట్ మొత్తం ఎండిన చెరువు నేలలా నెర్రెలిచ్చింది.

డబ్బాని కనీసం రెండు నిమిషాలు బాగా ఊపండి. ఫ్యాను ఆపేయండి. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టండి. మీట నొక్కడం కారుకు బయట మొదలుపెట్టాలి, చేయి కారు మీదుగా ఆగకుండా వెళ్ళాలి, వదలడం కూడా కారు దాటాకే. కారు మీద ఉండగా నొక్కితే ఆ చోట చుక్కలు పడతాయి, చేయి ఆగితే రంగు కారుతుంది. ముందు బంపర్ల కింద, మడ్‌గార్డు అంచులు, తలుపు గీతలు. చివర్లో బానెట్, టాపు.

మొదటి పొర దుమ్ము చల్లినట్టు ఉండాలి. కింది ప్రైమర్ కనిపిస్తుంది, కంగారు పడకండి. చాలామంది ఇక్కడే "రంగు పట్టలేదు" అని ఇంకోసారి ఒత్తి కొట్టి కారేలా చేస్తారు. పదిహేను నిమిషాలు ఆగి రెండో పొర, మళ్ళీ ఆగి మూడోది. మూడోది కాస్త తడిగా పడాలి. తడి అంటే ఏంటో తెలియాలంటే పక్కనుంచి చూడండి, పడిన రంగు క్షణంలో సర్దుకుని అద్దంలా సాఫీ అవుతుంది. అంతే, అక్కడితో ఆపండి. ఎక్కడో ఒక చుక్క తక్కువైందని కనిపిస్తే రేపు చూద్దాం అనుకోండి.

వెంటనే మూతున్న పెద్ద డబ్బాలో పెట్టి మూత కొంచెం ఓరగా ఉంచండి. మన వీధుల్లో ఎక్కడో ఒక బిల్డింగు లేస్తూనే ఉంటుంది, ఆ దుమ్ము తడి రంగుని వెతుక్కుంటూ వస్తుంది. వెంట్రుకో దుమ్మో పడితే తడిగా ఉన్నప్పుడు తీయొద్దు. ఆరాక 2000 వాటర్ పేపర్‌తో ఒక్క నిమిషం పని.

ఆరిందా లేదా అన్నదానికి నా కొలత ముక్కు. కారుని పెట్టిన డబ్బా మూత తీసి వాసన చూడండి. పెయింటు వాసన వస్తుంటే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టు. చలికాలంలో రెండు రోజులు, వానాకాలంలో నాలుగైదు. వేలితో తాకి చూసేవాళ్ళ వేలిముద్ర కారు మీద శాశ్వతంగా ఉంటుంది.

8. ఆరేలోపు ఛాసిస్, లోపలి భాగాలు చేయండి. భాగాన్ని ఫ్రేము నుంచి రెండుసార్లుగా కోయండి. మొదట కాస్త దూరంగా, తర్వాత దగ్గరగా. ఒకేసారి ఒంటికి ఆనించి కోస్తే భాగం లోంచి చిన్న ముక్క ఊడుతుంది. సిమెంట్‌ని భాగానికి పూసి అతికించడం కాదు. రెండు భాగాలు కలిపి పట్టుకుని, కలిసిన గీత మీద బ్రష్ కొసని ఆనించండి. ద్రవం తనంతట తానే గీత వెంబడి పాకుతుంది. మీ బొటనవేలు ఆ గీత మీద ఉంటే వేలి కిందికీ పాకుతుంది, తీసి చూస్తే ప్లాస్టిక్ మీద మీ వేలిముద్ర గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

ఈ సిమెంట్ ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతుంది కాబట్టి రంగు మీద, క్రోమ్ పూత మీద సరిగా పట్టదు. అతికించే చోట గీకి ప్లాస్టిక్ బయటపెట్టండి.

చిన్న భాగాల్ని అగరుబత్తి పుల్లకు కట్టిన క్లిప్పుకి తగిలించి రంగు వేస్తే చేతికి అంటదు. పుల్లల్ని గుచ్చడానికి థర్మకోల్ వాడకండి, సిమెంటూ స్ప్రే రెండూ దాన్ని తినేస్తాయి. బంగాళాదుంప చాలు, లేదా డబ్బాలో ఇసుక.

అడుగు భాగం మొత్తం కటిక నలుపు కొట్టేయకండి. సెల్లార్‌లోకి వెళ్ళి మీ అపార్ట్‌మెంట్ కార్ల కిందికి ఫోన్ పెట్టి రెండు ఫొటోలు తీయండి. అక్కడ నలుపు ఎంత బూడిదగా ఉందో, సైలెన్సర్ ఏ రంగులో ఉందో చూసి వేయండి.

9. డెకాల్స్. నీళ్ళలో నానబెట్టి జార్చే స్టిక్కర్లు ఇవి. బోరు నీళ్ళు వాడొద్దు. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరాక డెకాల్ చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది. ఆర్వో నీళ్ళు, లేదా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. ముక్కని కత్తిరించి పది సెకన్లు ముంచి బయట తడి గుడ్డ మీద పెట్టండి. నిమిషానికి దానంతటదే కదులుతుంది, లాగకండి. కారు మీద ఒక నీటిచుక్క పెట్టి దాని మీదికి జార్చండి, సర్దండి, తడి ఇయర్ బడ్‌తో మధ్యలోంచి అంచులకు నీళ్ళు ఒత్తేయండి. మెరిసే రంగు మీదే డెకాల్ బాగా కూర్చుంటుంది. మ్యాట్ రంగు మీద వేస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది.

10. క్లియర్, పాలిష్. డెకాల్స్ వేశాక రెండు రోజులు ఆగండి. టీఎస్-13 ఘాటైనది. మొదటే తడిగా కొడితే డెకాల్స్ ముడతలు పడి కరుగుతాయి. రెండు పొరలు పొగలా దూరం నుంచి, అరగంట తేడాతో. ఆపైన రెండు తడి పొరలు. ఆ తర్వాత పూర్తిగా వారం ఆగండి. వారం అంటే వారమే.

తర్వాత 2000 వాటర్ పేపర్‌ని సబ్బునీళ్ళలో తడిపి ఒకే దిశలో రుద్దండి. మెరుపు పోయి మసకబారుతుంది, అది సరైనదే. అంచుల మీద రుద్దకండి. మడ్‌గార్డు చివర, తలుపు గీతల అంచు, బానెట్ మధ్య గీత దగ్గర రంగు పలచగా ఉంటుంది, రెండు రుద్దులకే ప్రైమర్ తేలుతుంది. ఆ చోట్ల టేపు వేసి ఉంచండి. ఆపైన కాంపౌండ్, మెత్తటి బట్టతో, ముందు ముతకది, తర్వాత సన్నది.

సరిచూసే పద్ధతి: కారుని ట్యూబులైటు కింద పెట్టి టాపులో లైటు నీడ చూడండి. నీడ అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంటే పని అయింది. వణుకుతూ, చెదిరి ఉంటే బత్తాయి తొక్క ఇంకా మిగిలింది.

11. కిటికీల నల్ల అంచులు. టేపుతో చుట్టూ మూసి సెమీ గ్లాస్ బ్లాక్ వేయండి. టేపు అంచుని టూత్‌పిక్‌తో ఒత్తండి, లేకపోతే రంగు కిందికి పాకుతుంది. రంగు పూర్తిగా గట్టిపడక ముందే టేపుని తన మీదికి తాను మడిచినట్టు మెల్లగా లాగండి. కొంచెం పాకితే టూత్‌పిక్ కొసతో గీకితే పోతుంది, కింద క్లియర్ పొర ఉంది కదా. బ్రేకు లైట్లకు క్లియర్ రెడ్, ఇండికేటర్లకు క్లియర్ ఆరెంజ్. పలచగా రెండుసార్లు.

12. అద్దాలు. ఫెవిక్విక్ వద్దు. దాని ఆవిరి గాజు ప్లాస్టిక్ మీద తెల్లటి పొగలా పట్టేస్తుంది, అప్పటిదాకా రెండు వారాలు చేసిన పని ఆ ఒక్క చుక్కతో పోతుంది. తెల్ల ఫెవికాల్‌ని టూత్‌పిక్ కొసతో అంచు వెంబడి పెట్టండి. తెల్లగా కనిపించినా ఆరాక పారదర్శకమవుతుంది. ఎక్కువైతే తడి ఇయర్ బడ్‌తో తుడిచేయండి. హెడ్‌లైట్లకూ ఇదే.

13. కూర్పు. బాడీ పక్కల్ని రెండు చేతుల బొటనవేళ్ళతో కొంచెం వెడల్పు చేసి, ముందు బంపర్ వైపు నుంచి ఛాసిస్‌ని లోపలికి జరిపి, తర్వాత వెనకవైపు నొక్కండి. రాకపోతే బలం వాడకండి. సాధారణంగా సీట్ల తొట్టి అంచే ఎక్కడో తగులుతూ ఉంటుంది, అక్కడ కొంచెం రాస్తే దిగుతుంది.

కారుని అద్దం ముక్క మీద పెట్టండి. నాలుగు చక్రాలూ తాకుతున్నాయో లేదో ఒక్కో టైరు కిందికి కాగితం ముక్క తోసి చూడండి. కాగితం దూరిన చక్రం గాలిలో ఉన్నట్టు. ఇరుసు జిగురు పచ్చిగా ఉండగానే ఈ పరీక్ష చేస్తే సరిచేసుకోవచ్చు, అందుకే చక్రాలు అతికించిన పూటే చేయండి.

పాడైతే

తెల్లపొర పట్టిన రంగు: పొడిగా ఉన్న రోజు చూసి దాని మీద అదే రంగు పలచగా ఇంకో పొర కొట్టండి. కొత్త థిన్నర్ కింది పొరని మెత్తబరిచి తేమని వదిలిస్తుంది, చాలాసార్లు పోతుంది.

కారిన రంగు: వారం ఆరనిచ్చి 1000తో చదును చేసి మళ్ళీ కొట్టండి. తుడిచే ప్రయత్నం చేయొద్దు.

మొత్తం తీసేయాలంటే: గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బాడీని మునిగేలా నానబెట్టి, ఒక రాత్రి తర్వాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ముందు ఫ్రేము ముక్క మీద పరీక్షించండి. పెయింటు కొట్లో ఇచ్చే మామూలు థిన్నర్, గోళ్ళ రంగు తీసే అసిటోన్ దగ్గరికి కూడా రానీయొద్దు. రంగుతో పాటు కారూ కరుగుతుంది.

క్రోమ్ భాగాలు బొమ్మల్లా మరీ మెరుస్తుంటే బట్టల బ్లీచ్‌లో వేయండి, పూత ఊడిపోతుంది. గ్లవ్స్ వేసుకోండి, బ్లీచ్‌లో ఇంకే క్లీనర్ కలపకండి. తర్వాత మీకు నచ్చిన వెండి రంగు వేసుకోవచ్చు.

దాచుకోవడం

కిటికీ ఎండ తగలని అద్దాల బీరువా కావాలి. ఎండకు డెకాల్స్, గాజు భాగాలు పచ్చబడతాయి. దుమ్ము తుడవడానికి గుడ్డ వద్దు, మెత్తటి మేకప్ బ్రష్ వాడండి.

ఇంకో ముఖ్యమైన హెచ్చరిక, ఎవరూ చెప్పనిది: ఆ బీరువాలో కలరా ఉండలు పెట్టొద్దు. అమ్మ నా మంచి కోసమే, పురుగులు పడతాయని, అరకి రెండు చొప్పున పెట్టింది. నెల తర్వాత నల్ల బీటిల్ కారు తీస్తే టాపు చేతికి జిగురుగా తగిలింది, వేలి గుర్తు దిగిపోయింది. నాఫ్తలీన్ ఆవిరి ఈ రకం ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. ఆ బీటిల్ ఇప్పటికీ అదే అరలో ఉంది, వేలి గుర్తుతోనే. అమ్మకి చూపించలేదు.

కొనడం విషయంలో నా అభిప్రాయం: మూడు కిట్లు కడితే గానీ నాలుగోది పెట్టెలో దాచిపెట్టుకోకండి. "స్టాకు అయిపోతుంది" అనే భయంతో రెండింతల ధర పెట్టొద్దు. కంపెనీలు పాత అచ్చులతో కిట్లను మళ్ళీ మళ్ళీ విడుదల చేస్తూనే ఉంటాయి. కొనే బదులు ఓ పూట చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళి 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ముందు నిలబడండి. మడ్‌గార్డు వంపు మీద వెలుతురు ఎలా జారుతోందో, ఇత్తడి ఏ చోట మెరిసి ఏ చోట మసకబారిందో చూడండి. పాత కార్లు కట్టాలనుకునేవాళ్ళకు అది ఏ వీడియోలోనూ దొరకదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి కారుకు ఒక పేజీ: రంగు నంబరు, ఎన్ని పొరలు, ఆ రోజు తేమ ఎంత, ఎన్ని రోజులు ఆరింది. పేజీ అడుగున ఫ్రేము ముక్క మీద పరీక్షగా కొట్టిన రంగుని టేపుతో అంటించండి. ఏడాది తర్వాత అద్దం ఒకటి విరిగో, బంపర్ గీసుకుపోయో చిన్న మచ్చకి రంగు వేయాల్సి వచ్చినప్పుడు ముందు తెరిచేది ఆ పేజీనే.